తొలి సవరణ రంగు

తన కింద ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసినంత కాలమూ ఒక్క పువ్వయినా ఇవ్వని మనిషి, పని మానుకున్న పదకొండేళ్ళకు ఇంటికి పూలబుట్ట పంపితే, విల్మా ట్రెంచర్డ్ దాన్ని గడప దాటనివ్వలేదు. మెట్టు మీదే ఉంచి, కళ్ళద్దాలు తుడుచుకుని, చీటీ చదివింది. ‘పెన్సిల్‌కు ఆప్యాయతతో. గురువారం మధ్యాహ్నం భోజనానికి రావాలి. కారు పంపుతాను. ఎమ్మెట్ కోల్‌ఫ్యాక్స్.’ సంతకం తప్ప తక్కినదంతా టైపు చేసినదే. ఆప్యాయత అన్న మాట ఆ మనిషి నోట విన్నట్టు ఆమెకు జ్ఞాపకం లేదు. ఇది ఎవరో రాసిపెట్టిన చీటీ. ఎందుకు రాశారన్నదే తేలవలసి ఉంది.

పెన్సిల్ అన్నది స్టూడియోలో ఆమెకు పడ్డ పేరు. షాట్ తీసినప్పుడల్లా నాయిక కప్పు ఏ చేత్తో పట్టుకుంది, కోటుకు ఎన్ని బొత్తాలు పెట్టి ఉన్నాయి, సిగరెట్టు ఎంతవరకు కాలింది, ఇవన్నీ స్క్రిప్టు అంచున రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. సోమవారం తీసిన ముక్కా గురువారం తీసిన ముక్కా తెర మీద అతుకు తెలియకుండా కలవాలంటే ఆ రాతలే ఆధారం. అటువంటి పనిలో జీవితం గడిపిన మనిషికి ఏదీ ఊరికే జరిగినట్టు కనబడదు. కప్పు చెయ్యి మారిందంటే ఎవరో మార్చారన్నమాటే.

గురువారం ఎడారి గాలి వీస్తోంది. 1961 అక్టోబరు. లాస్ ఏంజిలస్ అంతా ఎండిన గడ్డి వాసన కొడుతోంది. కోల్‌ఫ్యాక్స్ ఇంట్లో అద్దాల వసారాలో బల్ల వేశారు. డెబ్బై ఆరేళ్ళ కోల్‌ఫ్యాక్స్ ముందు ఎప్పటిలాగే పీచ్ పండు ముక్కలు, విరిగిన పాలముద్ద. అతని పక్కన స్టెర్లింగ్ పైక్ అనే వకీలు కూర్చుని ఉన్నాడు. భోజనానికి పిలిచిన ఇంట్లో వకీలు కనబడగానే విల్మా తన చేతిసంచీని ఒళ్ళోకి తీసుకుంది.

“ఏం పెన్సిల్, ఇంకా బతికే ఉన్నావన్నమాట!”

“మీకు నాతో అవసరం పడేదాకా బతకాలి గదండీ, మిస్టర్ కోల్‌ఫ్యాక్స్.”

“చూశావా పైక్? చెప్పానా లేదా? ఈ నాలుకతోనే ముగ్గురు దర్శకుల్ని ఏడిపించింది.”

“నలుగురు,” అంది విల్మా. “నాలుగో ఆయన మేకప్ గదిలో ఏడ్చాడు. మీరు చూళ్ళేదు.”

కోల్‌ఫ్యాక్స్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నిజమైనదే. అదే ఆమెకు మరింత అనుమానం కలిగించింది.

అతడు టొలీడోలో ఒక మంగలి కొడుకు. ఇరవై ఒకటో ఏట అయిదు సెంట్ల సినిమా కొట్టులో టిక్కెట్లు చింపే పనికి కుదిరాడు. రీలు తిరుగుతున్నప్పుడు అతడు తెర వంక చూసేవాడు కాదట. తెర పక్కన నిలబడి జనం ముఖాలు చూసేవాడట. ఎక్కడ దగ్గుతున్నారు, ఎక్కడ ఊపిరి బిగపడుతున్నారు, ఏ చోట ఆడవాళ్ళ చెయ్యి రుమాలు కోసం వెళుతుంది, ఇదే అతని చదువు. 1912లో పడమటికి వచ్చి, సెట్లు మోసి, గుర్రాలు కాసి, చివరికి నిర్మాత అయ్యాడు. నలభై ఒక్క సినిమాలు తీశాడు. ఒక్క వాక్యమైనా తన చేత్తో రాయలేదు. ఎవరైనా కాగితం ఇస్తే, “చదవొద్దు, చెప్పు,” అనేవాడు. విన్నది మరొకరికి చెప్పేవాడు. చెప్పే కొద్దీ అది అతని సొంతమయ్యేది.

ఆ నలభై ఒకటిలో తలమానికం ‘రేవు మనిషి’. మిసోరీ నది మీద బల్లకట్టు నడిపే ఒక విధవ, వరదలో, తన మొగుణ్ణి చంపినవాణ్ణే అవతలి ఒడ్డుకు చేర్చవలసి వస్తుంది. 1937లో ఆ సినిమా చూడని ఊరు లేదు. ‘కథ: ఎమ్మెట్ కోల్‌ఫ్యాక్స్’ అని తెర మీద పడింది. ఆ రేవు మనిషి తన కన్నతల్లేనని అతడు ఈమధ్య విలేకరులకు చెబుతున్నాడు. ఆ తల్లి 1934లో ఒకసారి స్టూడియోకు వచ్చింది. సెట్టు మీద మోకాటి లోతు నీళ్ళ తొట్టిపై వేసిన పలక దాటమంటే, గట్టున నిలబడి కొడుకు చొక్కా పట్టుకుని వదల్లేదు. విల్మా అది చూసింది. ఆనాడు అది ఆమె పని కాదు గనుక రాసుకోలేదు.

పైక్ గొంతు సవరించుకున్నాడు. “విషయం చిన్నదే, మిస్ ట్రెంచర్డ్. ‘రేవు మనిషి’ని మళ్ళీ విడుదల చేస్తున్నాం. మొదట్లో పేర్లు పడే ముక్క పాడైపోయింది. పేర్లు కొత్తగా రాయించాలి. ఈ సందట్లో ఐడా రాస్ముసెన్ అని ఒకావిడ, కథ నాది, నా పేరు వెయ్యండి అని రచయితల సంఘానికి ఉత్తరం రాసింది. మంగళవారం విచారణ.”

“కథల విభాగంలో నవలలు చదివి సారాంశం రాసిచ్చేది. ఆ ఐడాయేనా?”

“ఆవిడే. పాపం, కళ్ళు పోతున్నాయట. మతి కూడా పోతోందేమో.”

“మతి పోయిన మనిషికి వకీలు ఎందుకండీ ఎదురు?”

పైక్ ఒక పాత స్క్రిప్టు ప్రతి ఆమె ముందుకు జరిపాడు. షూటింగునాడు ఆమె వాడిన ప్రతి ఇదేనని ఒక్క సంతకం కావాలి. దానితో వ్యవహారం ముగుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి చూస్తానని విల్మా అడిగితే, “ఇక్కడే చూడండి, తొందరేం లేదు,” అన్నాడు. తొందర లేదన్నవాడు చేతి గడియారం చూసుకున్నాడు.

ఆమె పుటలు తిప్పింది. అంచుల మీద రాత తనదే. ‘ఎడమ చేత్తో తాడు. గౌను అంచు తడి. గాలి కుడి నుంచి.’ ఆ కొక్కిరి గీతలు మరొకరు రాయలేరు. మొదటి పుట మీద ‘కథ: ఎమ్మెట్ కోల్‌ఫ్యాక్స్, జనవరి 1937’ అని ఉంది. ఆ వెనక, కథ పుట్టుకను చూపే పదకొండు పుటలు, ఫిబ్రవరి రెండో తేదీ వేసి, కోల్‌ఫ్యాక్స్ చెప్పగా మార్చినట్టు టైపు చేసి ఉన్నాయి. నీలి రంగు కాగితాలు.

విల్మా వేలు ఆ నీలం మీద ఆగింది. ముఖంలో ఏ మార్పూ రానివ్వలేదు.

స్క్రిప్టు మొదట తెల్ల కాగితం మీద ఉంటుంది. ఏ పుట మార్చినా దాన్ని రంగు కాగితం మీద కొట్టి, తేదీ వేసి, పాతదాని చోట గుచ్చుతారు. మళ్ళీ మారిస్తే మరో రంగు. ఎవరూ పొరపాటున పాత పుట పట్టుకుని షాట్ తీయకుండా ఇది కట్టుబాటు. ఇప్పుడు ఊళ్ళో అందరిదీ ఒకటే వరస, నీలంతో మొదలు. ఆ రోజుల్లో ఎవరి వరస వారిది. కోల్‌ఫ్యాక్స్ స్టూడియోలో తొలి సవరణ గులాబీ. ఎందుకంటే కెమెరా వెనక మసక వెలుతురులో నీలం మీద పెన్సిల్ రాత కనబడదని గొడవ పెట్టింది సాక్షాత్తూ విల్మాయే. 1933లో నీలాన్ని బహిష్కరించారు. అది తిరిగి వచ్చింది యుద్ధం ముగిశాకనే. 1937లో ఆ ఆవరణ మొత్తం గాలించినా ఒక్క నీలి పుట దొరికేది కాదు.

ఈ పుటలు కొట్టినవాళ్ళకు కథ తెలుసు, తేదీలు తెలుసు, పాత టైపు యంత్రం కూడా దొరికింది. ఈనాటి వరసే ఆనాటిదీ అనుకున్నారు.

“సంతకం ఇప్పుడు పెట్టను,” అంది. “మంగళవారం వస్తాను. అడిగితే నోటితోనే చెబుతాను.”

“ఎందుకమ్మా అంత శ్రమ?” అన్నాడు పైక్. “మీరు సినిమావాళ్ళ విశ్రాంతి గృహంలో చోటుకు దరఖాస్తు పెట్టారట గదా. ఆ కమిటీలో మిస్టర్ కోల్‌ఫ్యాక్స్ ఉన్నారు. మీకు తెలుసో తెలీదో.”

“తెలుసు. మీరు గుర్తుచేస్తారనే ఇంతసేపూ కాచుకున్నాను.”

కోల్‌ఫ్యాక్స్ పీచ్ ముక్క నములుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. విన్నాడో లేదో ఆమెకు అంతుపట్టలేదు.

మరునాడు ఆమె బస్సెక్కి గ్లెన్‌డేల్ వెళ్ళింది. కోల్‌ఫ్యాక్స్ అబద్ధమాడినంత మాత్రాన ఐడా నిజం చెబుతోందని రుజువు కాదు. దొంగ పుటలు పుట్టించేవాడు ఒకడుంటే, దొంగ కథ అల్లేది ఇంకొకతె ఉండవచ్చు. అనుమానం ఒకవైపే చూస్తే అది పక్షపాతమవుతుందని విల్మా నమ్మకం.

ఐడా రాస్ముసెన్ మేనకోడలి ఇంట్లో, వెనక గదిలో ఉంటోంది. కళ్ళ మీద తెల్లటి పొర. తలుపు చప్పుడుకు తల ఎత్తింది.

“ఎవరు పంపారు నిన్ను? కోల్‌ఫ్యాక్సా?”

“నన్నెవరూ పంపరు. నేనే వస్తాను.”

“పెన్సిలా? ఆ గొంతులో గరుకు ఇంకా పోలేదే! కూర్చో. కుర్చీ మీద పిల్లి ఉంటే దులిపెయ్.”

పిల్లి ఉంది. విల్మా నిలబడే అడిగింది. “ఇరవై నాలుగేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడు తెరిచావేం?”

“మూసుకోలేదు. మూయించారు. నీ పేరు వచ్చే సినిమాకి వేస్తాను పిల్లా, అన్నాడు. వచ్చే సినిమా అయింది, ఆ పై సినిమా అయింది. తర్వాత ఉద్యోగమే లేదు. సరే, పేరే కదా, పోనీలే అనుకున్నాను.” ఐడా వేళ్ళు దుప్పటి అంచును మడతలు పెడుతున్నాయి. “మొన్న రేడియోలో విన్నాను. ఆ రేవు మనిషి తన తల్లే అంటున్నాడు. నెబ్రాస్కాలో మా అమ్మ పద్ధెనిమిదేళ్ళు బల్లకట్టు లాగింది, విల్మా. అరచేతులు చెప్పుల్లా ఉండేవి. పేరు తీసుకున్నాడు, ఊరుకున్నాను. మా అమ్మని కూడా తీసుకుంటానంటే ఎలా?”

మాట గుండెను తాకేదే. గుండెను తాకే మాటలు రాయడమే వృత్తిగా ఉన్నవాళ్ళ మధ్య విల్మా బతికింది. అందుచేత ఇంకా మెత్తబడలేదు.

“బల్లకట్టు తాడు తెగబోతోందని మీ అమ్మకి ఎలా తెలిసేది?”

ఐడా వెంటనే చెప్పింది. “తాడు పాడుతుంది. వరదలో జుమ్మని మోగుతూనే ఉంటుంది. మోగినంతసేపూ భయం లేదు. పాట ఆగిందా, దూకెయ్యాలి.”

విల్మా పిల్లిని దించి కుర్చీలో కూర్చుంది. తాడు పాడే సన్నివేశాన్ని రెండు రోజులు తీశారు. శబ్దం సరిగా రాలేదని కోసి పారేశారు. ఆ సినిమా చూసిన లక్షలమందిలో ఒక్కరికీ అది తెలియదు. ఐడా ఏనాడూ సెట్టులో అడుగుపెట్టలేదు. ఆ మాట కాగితం మీదికి ఈమె నుంచి తప్ప మరెవరినుంచీ వచ్చే దారి లేదు.

“నువ్వు నన్ను ఇన్ని అడిగావు. నేనొకటి అడగనా?” అంది ఐడా. “ముప్పైఆరు డిసెంబరులో నేను ఆయన గది బయట గోధుమరంగు కవరు పట్టుకుని మూడు పొద్దులు నిలబడ్డాను. నువ్వు నా ముందునుంచే వెళ్ళావు. నాలుగోనాడు ఆయన దర్శకుడికి కథ చెబుతుంటే నువ్వు అక్కడే ఉన్నావట. కప్పు ఏ చేతిలో ఉందో రాసేదానివి. కథ ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో రాయలేదేం?”

 ఆ కవరును విల్మా చూసిన మాట నిజమే. ఆనాడే రెంటినీ జతపరిచి చూసుకుంది కూడా. అడగడం తన పని కాదని తనకు తానే చెప్పుకుని సాగిపోయింది. ఇతరులను అనుమానించినంత శ్రద్ధగా తనను తాను ఎన్నడూ అనుమానించుకోలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆ పని కూడా చేసింది. తీర్పు ఆమెకు అనుకూలంగా రాలేదు.

మంగళవారం ఉదయం పది గంటలకు సంఘం కార్యాలయంలో ముగ్గురు రచయితలు బల్ల వెనక కూర్చున్నారు. నడుమ ఉన్నాయన ఓర్విల్ టాగర్ట్. సమయానికి ముందు వచ్చి, ప్రతి ఒక్కరి ముఖం వంకా విసుగ్గా చూసే మనిషి. ఒక పక్క కోల్‌ఫ్యాక్స్, పైక్. మరో పక్క మేనకోడలు చెయ్యి పట్టుకుని ఐడా.

నీలం సంగతి తాను చెబితే ఏమవుతుందో విల్మా ముందే లెక్కగట్టుకుంది. ముసలిదాని జ్ఞాపకం అంటాడు పైక్. స్టూడియో అమ్ముడుపోయింది, గోదాములు ఖాళీ చేసి తగలబెట్టారు. పైక్ తెచ్చిన ప్రతిలోనూ తెల్లవీ నీలివీ తప్ప లేవు గనుక, రుజువు చూపే గులాబీ కాగితం ఒక్కటీ మిగల్లేదు. ఆ రంగు తెలిసినవాళ్ళలో మిగిలింది తాను గాక ఇంకొక్కరే.

“ఈ అంచుల మీద రాత మీదేనా?” అని అడిగాడు టాగర్ట్.

“నాదే.”

పైక్ వెనక్కి వాలాడు. “ఇక చాలండీ, అధ్యక్షా.”

“నాకు చాలలేదు,” అంది విల్మా. “పని గురించి మిస్టర్ కోల్‌ఫ్యాక్స్‌ని ఒక్క ముక్క అడగొచ్చా?”

“అది పద్ధతి కాదు,” అన్నాడు పైక్.

“అడగనీవయ్యా,” అన్నాడు కోల్‌ఫ్యాక్స్. “నా స్టూడియోలో నాకు తెలీని మేకు లేదు.”

“మన దగ్గర తొలి సవరణ ఏ రంగండీ?”

“గులాబీ.” పైక్ చెయ్యి అతని మోచేతి మీద పడేసరికే మాట బయటికి వచ్చింది, దాని వెనక మరికొన్ని తోసుకొచ్చాయి. “నీలం నేనే మాన్పించాను. ఈవిడ గొడవే! చీకట్లో పెన్సిల్ కనబడదని రోజూ నా ప్రాణం తోడేసేది. ముప్పైమూడులో ఉన్న నీలం కాగితమంతా ఊడ్చి బడిపిల్లలకి పంపించేశాను. మళ్ళీ యుద్ధం అయ్యాకే గదా...”

ఆగిపోయాడు.  టాగర్ట్ స్క్రిప్టు తెరిచి, పదకొండు నీలి పుటలనూ ఒకటొకటిగా బల్ల మీద పరిచాడు. తేదీ ఉన్న మూల అందరికీ కనబడేట్టు పెట్టాడు.

“జ్ఞాపకాలు నమ్మదగినవి కావండీ,” అన్నాడు పైక్. “ఇన్నేళ్ళ తర్వాత...”

“ఎవరి జ్ఞాపకం, పైక్ గారూ? మీరు తీసుకొచ్చిన మనిషిదేనా?” అన్నాడు టాగర్ట్.

తర్వాత విల్మా తాడు పాడే సన్నివేశం సంగతి చెప్పింది, కవరు సంగతి చెప్పింది. తాను చూసీ అడగలేదని కూడా చెప్పింది. ఆ భాగాన్ని మెత్తబరచలేదు. మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. కథ ఐడా రాస్ముసెన్‌ది. నిర్మాత పేరు ఎంత ఎత్తు అక్షరాల్లో పడుతుందో, ఆమె పేరూ అంత ఎత్తులోనే పడాలి. ఆ నీలి పుటలు కొట్టిందెవరన్నది మాత్రం తేలలేదు. ఆఫీసువాళ్ళు ఇచ్చారన్నాడు పైక్; పైక్ తెచ్చాడంది ఆఫీసు. విశ్రాంతి గృహం నుంచి చోటు లేదని వారం తిరక్కుండానే విల్మాకు ఉత్తరం వచ్చింది.

ఆ మంగళవారం తీర్పు విన్నాక, సంఘం మెట్ల దగ్గర కోల్‌ఫ్యాక్స్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైక్ కారు తేవడానికి వెళ్ళాడు.

“బాగా అడిగావు, పెన్సిల్.”

“మీరా కాగితాలు ముందు చూడలేదా?”

“నేనెప్పుడు కాగితం చూశాను? చెబుతారు, వింటాను.” టోపీ నెత్తిన పెట్టుకుని, అంచు సర్దుకున్నాడు. “మా అమ్మకి నీళ్ళంటే భయం. తెలుసా నీకు?”

“తెలుసు.”

“నీకు తెలుసని నాకూ తెలుసు.”

అంతే అన్నాడు. కారు వచ్చింది, ఎక్కాడు. గొప్ప కోసం నోరు జారాడా, లేక జారనిచ్చాడా? జనం ముఖాలు చదవడమే చదువైన మనిషి, ఆమె ప్రశ్న అడగబోయే ముఖాన్ని చదవలేకపోయాడంటే ఆమెకు నమ్మకం కలగలేదు. అతడు మంచి పని చేశాడంటే అసలే నమ్మకం కలగలేదు.

నవంబరులో ఒక ఉదయం ఆమె ఐడాను వెంటబెట్టుకుని పేర్ల పలకలు రాసే గస్ మెర్కిల్ కొట్టుకు వెళ్ళింది. నల్ల పలక మీద తెల్ల రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

“చదువు,” అంది ఐడా. “ఒక్కో అక్షరం విడిగా.”

విల్మా చదివింది. ఐడా పెదవులు ఆమెతోపాటే కదిలాయి.

“ఆయనది ఎక్కడుంది?”

“పక్క పలక మీద.”

“ఎత్తు సమానమేనా?”

“సమానమేనమ్మా,” అన్నాడు మెర్కిల్. “ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది. కంటి కొలతే చాలు.”

“కొలువు, విల్మా.”

విల్మా సంచీలోంచి స్కేలు తీసి, ముందు కోల్‌ఫ్యాక్స్ పేరు కొలిచింది, తర్వాత ఐడా పేరు కొలిచింది. మళ్ళీ మొదటిది కొలిచింది. అంగుళంలో పదహారో వంతు తేడా ఉంది. ఆ తేడా ఏ పేరుకు తగ్గిందో చెప్పవలసిన పని లేకపోయింది. మెర్కిల్ చెవులు ఎర్రబడ్డాయి.

“అయ్యో, అది తెర మీద ఎవరికి కనబడుతుందండీ?”

“నాకు కనబడుతుంది,” అంది విల్మా. “మళ్ళీ రాయండి.”

ఐడాను బల్ల మీద కూర్చోబెట్టి, తాను మెర్కిల్ కుంచె కనబడే చోటికి కుర్చీ లాక్కుని కూర్చుంది.